రాజావర్మ బీరువా

ఫిల్మ్ నగర్‌లో టీ తాగేటప్పుడు చెవులు మూసుకోవడం ఆరోగ్యానికి మంచిది. ఏ బండి దగ్గర నిలబడ్డా పక్కన ఎవరో ఒకరు ఇంకెవరికో కథ చెబుతూనే ఉంటారు. ఈమధ్య చెవిన పడే కథల్లో సగం కాలంలో ముందుకో వెనక్కో పోయేవే. మొన్న ఒక కుర్రాడు, ఎవరి దగ్గరో అసిస్టెంట్ డైరెక్టరనుకుంటా, తన పాయింటంతా చెప్పి, “ఆదిత్య 369 టైపే అన్నా, కాకపోతే మనది ఒరిజినల్. అది బ్యాక్ టు ది ఫ్యూచర్‌కి కాపీ కదా” అన్నాడు. ఎదుటివాడు తలూపాడు. అల్లం టీ చేదెక్కింది.

కాపీ అట! 1985లో వచ్చిన ఆ హాలీవుడ్ సినిమాలో కుర్రాడు 30 ఏళ్లు వెనక్కి వెళ్లి వాళ్ల అమ్మానాన్నల ప్రేమకథలో ఇరుక్కుంటాడు. బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఆదిత్య 369 తీసిన సింగీతం శ్రీనివాసరావుగారు చదువుకునే రోజుల్లోనే హెచ్.జి. వెల్స్ రాసిన టైమ్ మెషిన్ చదివి ఆ ముచ్చట మనసులో దాచుకున్నానని చాలాసార్లు చెప్పారు. అది 1895 నాటి నవల. అందులో ఆసామి గతం వైపు కన్నెత్తి చూడడు. నేరుగా 802701వ సంవత్సరానికి పోతాడు. అంత దూరం మన నేల టికెట్టు వాడికి పనికిరాదని సింగీతంగారికి తెలుసు. తెలుగువాడి చేతికి కాలయంత్రం ఇస్తే మొదట ఎక్కడికి పోతాడు? అమ్మానాన్నల కాలేజీ రోజులకా? రాయలవారి కొలువుకు పోతాడు. తెనాలి రామకృష్ణుణ్ణి దగ్గర్నుంచి చూడాలనుకుంటాడు. ఎన్టీఆర్ 1956లో తెనాలి రామకృష్ణలోనూ, 1962లో మహామంత్రి తిమ్మరుసులోనూ రాయలై కూర్చున్న సింహాసనం మీద 1991లో కొడుకు బాలకృష్ణను కూర్చోబెట్టడమంటే, మన ప్రేక్షకుడి బుర్రలో అప్పటికే తిరుగుతున్న కాలయంత్రాన్ని వాడుకోవడమే. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడిగా అడుగుపెట్టగానే హాల్లో ఎవరికీ ఏదీ వివరించక్కర్లేదు. ఈ తెలివి ఏ ఇంగ్లీషు సినిమాలోంచి ఎత్తుకొచ్చారో ఆ కుర్రాడు చెప్పాలి.

పైగా సినిమాలో కాలయంత్రం ఎక్కినవాళ్లు దిగేది 1526లో. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. అంటే వైభవం నిండుగా ఉంది, కానీ గడియారం చివరికొచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఉత్తరాదిన పానిపట్టులో బాబరు గెలిచాడు. ఇక్కడ సిల్క్ స్మిత రాజనర్తకిగా కొలువును ఉర్రూతలూగిస్తుంటే అక్కడ దేశం చేతులు మారుతోందన్నమాట. సంవత్సరం కావాలనే పెట్టారని నా నమ్మకం. అభిమానికి ఆమాత్రం నమ్మకం లేకపోతే ఎలా?

అభిమాని అనే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈ ఒక్క సినిమా కోసం నేనొక వెబ్‌సైటు నడుపుతుంటాను. ఈ సంగతి ఫిల్మ్ నగర్‌లో ఎవరితో అన్నా ముందు “బాలయ్య ఫ్యానా?” అంటారు. బాలయ్య అంటే ఇష్టమేగానీ నేను సింగీతంగారి ఫ్యానునండీ అంటే, “డైరెక్టర్‌కి కూడా వెబ్‌సైటా?” అని ఎగాదిగా చూస్తారు. ఎందుకుండకూడదు? మాయాబజార్‌కి కె.వి. రెడ్డిగారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి. శశిరేఖ పెట్టె మూత తీసి అభిమన్యుణ్ణి చూసుకునే ఆ ప్రియదర్శినిని వీడియో కాల్‌ అని ఇప్పుడు మనం జోకులేసుకుంటున్నాం కదా, దాన్ని తీసిన సెట్లో ఆయన ఉన్నారు. 1957లో అక్కడ మొదలై, 1987లో మాటల్లేని పుష్పక విమానం నడిపి, 1991 జులై 18న కాలయంత్రాన్ని వదిలి, తొంభైకి అటూ ఇటూ వయసులో కల్కి 2898 ఏడీ కుర్రాళ్లకు దారి చూపించారు. ఇంకెవరికి పెట్టాలి వెబ్‌సైటు?

సైటులో నేను ఎక్కువ మురిసిపోయేది కెమెరా పేజీ చూసుకుని. ఈ సినిమాకు ఛాయాగ్రాహకులు ముగ్గురు. నాయకన్, గీతాంజలి తీసిన పి.సి. శ్రీరామ్, అల్లూరి సీతారామరాజు తీసిన వి.ఎస్.ఆర్. స్వామి, తర్వాత రోజుల్లో హిందీలో పర్‌దేస్, తాల్ తీసిన కబీర్‌లాల్. మామూలుగా ఒక సినిమాకు ముగ్గురు కెమెరామెన్లంటే ఏదో గొడవ జరిగిందని అర్థం. ఇక్కడ మాత్రం ఇప్పటి కాలానికి ఒక వెలుగు, రాయల కాలానికి ఇంకో వెలుగు, ఆ తర్వాత కాలయంత్రం పోయే 2504కి వేరే వెలుగు కుదిరాయి. రాయల కొలువును స్వామిగారు పాత స్టూడియో పద్ధతిలో, ప్రతి నగా కనబడేలా వెలిగించారు. మన నాన్నలు చూసిన జానపదాల వెలుగది. ఇళయరాజా కూడా అదే పని చేశారు. జాణవులే పాటలో జిక్కి గొంతు పెట్టారు. ఆ గొంతు వినపడిందంటే కొలువులో ఉన్నామా, అనార్కలి ఆడుతున్న 1955 నాటి టెంటు హాల్లో ఉన్నామా తెలియదు. కాలంలో వెనక్కి పోవడానికి సెట్టు, గ్రాఫిక్సు ఎందుకు, జిక్కి చాలు. ఈ మాట ఇంకో పది పేజీలు రాయగలను. రాశాను కూడా, సైటులో ఉంది.

రాయడానికి మాటలు ఎప్పుడూ ఉంటాయి. చూపించడానికి బొమ్మలు ఉండవు. గొడవంతా అక్కడే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సమర్పణలో శ్రీదేవి మూవీస్ పేరు మీద శివలెంక కృష్ణప్రసాద్ ఈ సినిమా తీసేనాటికి పరిశ్రమ ఒక కాలు మద్రాసులో, ఒక కాలు ఇక్కడ పెట్టి నిలబడి ఉంది. సామాన్లు మారేటప్పుడు ఇంట్లో ఏవి పోతాయో తెలుసుగా. మంచం పోదు, బీరువా పోదు. ఫొటోల సంచి పోతుంది. అందుకని ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల ముందు గొంతుక్కూర్చుంటాను. గురువారం జుమేరాత్ బజారు. పాత జ్యోతిచిత్రలు, సితారలు, హాలు బయట అమ్మిన పాటల పుస్తకం, క్యాసెట్టులో పెట్టిన మడత కాగితం, హాలు వరండాలో అద్దాల వెనక పెట్టే ఫోటో కార్డులు. ఇవీ నేను వెతికేవి. దొరికేవి ఎక్కువగా వేరే సినిమాలవి. అమ్మేవాడు “సార్, బాలకృష్ణదే కదా, తీస్కోండి” అంటాడు. అది లారీ డ్రైవర్ అయితే నేనేం చేసుకోను?

ఇంతకూ ఆ ఫోటో కార్డులు లేకపోలేదు. ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దాయన దగ్గర వరసగా, ఒక్క మడత లేకుండా ఉన్నాయి. ఆయన సినిమా మనిషి కాదు. స్థలాల వ్యాపారంలో నాలుగు రాళ్లు సంపాదించి, పాత సినిమా సామాను కొని పెడుతుంటారు. ఎవరో చెబితే ఫోన్ చేసి వెళ్లాను. మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించారు. బీరువా తాళం తీసి, తెల్ల చేతి తొడుగులు వేసుకుని, ఒక్కో కార్డూ బయటకు తీశారు. 2504 సెట్టులో నిలబడ్డ బాలకృష్ణ, మోహిని. కాలయంత్రం పక్కన టిన్ను ఆనంద్. రంగు ఇంకా పచ్చిగా ఉంది. నా చేయి జేబులోకి పోయింది.

“చూడండి, చూడటానికేం. ఫోన్ మాత్రం లోపలే ఉంచండి.”

“ఒక్క ఫొటో తీసుకుంటానండీ. కింద మీ పేరే వేస్తాను.”

“మీరు నా పేరు వేస్తారు. ఆ ఫొటో తీసుకుని రేపు ఊరంతా వేస్తుంది. ఇంక నా దగ్గరున్నదానికి విలువేముంటుంది?”

వాదించానండీ. మీ దగ్గరున్నది కార్డు, నేను అడిగేది దాని నీడ అన్నాను. నీడ ఎంతమంది దగ్గరుంటే అసలుకి అంత గిరాకీ అన్నాను. వ్యాపారస్తుడికి వ్యాపారం భాషలోనే చెప్పానని నా గర్వం. ఆయన నవ్వి, ఇంకో కప్పు కాఫీ తెమ్మని లోపలికి కేకేసి, కార్డులు వరస తప్పకుండా సర్ది, తాళం వేశారు. మళ్లీ వెళ్లాను. మళ్లీ కాఫీ. ఆ ఇంటి కాఫీ బాగుంటుందని నా శత్రువు గురించి కూడా చెప్పక తప్పదు. దీపావళికి స్వీట్ల డబ్బా పట్టుకెళ్లినా అదే మాట.

బయటికొచ్చి చెక్‌పోస్టు దాకా నడుస్తుంటే వెలిగింది. ఈయన్ని నేనెక్కడో చూశాను! ఆదిత్య 369లోనే చూశాను. సినిమాలో దొంగ ఎవరు? బ్యాంకులు కొట్టేవాడు కాదు, ఊళ్లు తగలబెట్టేవాడు కాదు. అమ్రీష్ పురి వేసిన రాజావర్మ. పెద్ద మనిషి, కళాపిపాసి, పాత వస్తువులంటే ప్రాణం. సాలార్‌జంగ్ మ్యూజియంలో అందరూ చూసే రాయలవారి వజ్రాన్ని తన ఒక్కడి కోసం ఎత్తుకుపోతాడు. అమ్ముకోడానికి కాదు, ఒంటరిగా చూసుకోడానికి! కాలయంత్రం సంగతి అందరూ మాట్లాడతారుగానీ ఈ సినిమాకు ఇరుసు నిజానికి ఈ దొంగతనం. ఒక వస్తువు పదిమంది చూసేచోట ఉండాలా, ప్రేమించేవాడి బీరువాలో ఉండాలా అన్న తగాదా. 1991లో మసాలా సినిమా ముసుగులో ఇంత సంగతి అడిగిన వాళ్లు ఎవరున్నారు? పెద్దాయన నాకు ఆ కార్డులు చూపించేటప్పుడు ఆయన కళ్లలో రాజావర్మ కళ్లే కనిపించాయి. ఆ కార్డులు నాకు దొరికితే నా కళ్లూ అలాగే ఉంటాయేమోననే అనుమానంతోనే, దొరికింది దొరికినట్టు ఆ రాత్రే స్కాన్ చేసి సైటులో పెట్టేస్తుంటాను. నిలవుంటే దురాశ పుడుతుంది.

ఒక్క ఆయన్ని ఆడిపోసుకుని ఏం లాభం. ఫిల్మ్ నగర్‌లో గుడి ఉంది, కల్చరల్ సెంటర్ ఉంది, రామానాయుడు స్టూడియో, పద్మాలయా స్టూడియో ఉన్నాయి. కొండ దిగితే అన్నపూర్ణ. తెలుగు సినిమా మ్యూజియం మటుకు లేదు. బొంబాయిలో 2019 జనవరిలో భారతీయ సినిమా మ్యూజియం తెరిచారు. మన తొలి టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాద, చూద్దామంటే ప్రింటే లేదు. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు అన్నపూర్ణ స్టూడియోస్‌లో వారం రోజుల వర్క్‌షాపు పెట్టి రీళ్లు ఎలా కాపాడుకోవాలో నేర్పారు. ఫిల్ముకు చల్లదనం కావాలి, తేమ ఉండకూడదు. వేడికి, తేమకు ఫిల్ము కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది. ఒక డబ్బాకు పట్టిన తెగులు పక్క డబ్బాకు అంటుకుంటుంది. మన డబ్బాలు ఎన్ని వేసవులు ఎన్ని గోడౌన్లలో గడిపాయో తలుచుకోకండి, రాత్రి నిద్ర పట్టదు.

ఆదిత్య 369 అదృష్టం బాగుంది. 2025 ఏప్రిల్ 4న 4కెలో, 5.1 సౌండుతో మళ్లీ విడుదలైంది. 2022లో పోకిరి, జల్సాలతో మొదలైన రీరిలీజుల వరసలో ఇదీ చేరింది. రాయలవారు తెర మీదికి రాగానే కుర్రాళ్లు చింపిన కాగితాలు గుప్పున ఎగరేశారు. స్వామిగారు అంత కష్టపడి వెలిగించిన కొలువు కాగితాల వెనక్కి పోయింది. నేను లేచి కూర్చోండ్రా అని అరిస్తే, అదీ అభిమానమే అనుకున్నారు, నా మీద కూడా వేశారు. ఆ కాగితాల్లో ఒకటి తీసి చూశాను, పరీక్ష హాల్ టికెట్టు జిరాక్సు. సరే, ఎవరి అభిమానం వాళ్లది. సీక్వెల్‌కు ఆదిత్య 999 మ్యాక్స్ అని పేరు చెప్పారు. దానికైనా సెట్టు పీకేముందు ఎవరైనా ఒక ఫొటో తీసి, వెనక తేదీ రాసి పెడతారా అన్నదే నా బెంగ.

ఈ బెంగ ఎక్కువైన రోజు మూసీ ఒడ్డుకు, సాలార్‌జంగ్ మ్యూజియానికి పోతాను. రాయలవారి వజ్రం అక్కడ లేదని తెలుసు, అది సింగీతంగారి కల్పన. కానీ ఆ గడియారం ఉంది. కుక్ అండ్ కెల్వీ వాళ్లది. గంట కొట్టే వేళకు చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. దానికోసం జనం ముందే వచ్చి నేల మీద చతికిలబడతారు. జహీరాబాదు నుంచి వచ్చిన పెళ్లివాళ్లు, బడి పిల్లలు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న నాన్నలు. ఆ గడియారాన్ని ఏ నవాబుగారో పడకగదిలో పెట్టుకుని ఉంటే బొమ్మ మనిషి రోజూ ఒక్కరి కోసమే గంట కొట్టేవాడు.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ఆదిత్య 369 పాటల పుస్తకం, ఫోటో కార్డు, 1991 నాటి సితారో జ్యోతిచిత్రో ఉంటే దయచేసి వెతకండి. తమిళంలో అపూర్వశక్తి 369, హిందీలో మిషన్ 369 అని డబ్బింగు చేశారు, వాటి పోస్టర్లయినా సరే. కృష్ణానగర్‌లో ఆ సెట్టుకు చెక్క కొట్టిన, రంగు వేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పేరు చెప్పండి, వచ్చి కూర్చుని వింటాను. వస్తువు నాకివ్వక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి, ఫొటో చాలు. పాటల పుస్తకమైతే పిన్నులు పీకకండి. తుప్పు పట్టి ఉంటాయి, కాగితం చిరుగుతుంది.