నోట్లో ఏమున్నది?

మా తమ్మునికి స్కిజోఫ్రీనియా అని 2003లో తెలిసింది. హాలోపెరిడాల్ మాత్రలతో కుదుటపడ్డాడు. ఎవరో పిలుస్తున్నారంటూ అర్ధరాత్రి తలుపు తీసుకొని వెళ్ళిపోవడం ఆగింది. ఇక మాకు అంతకంటే ఏమి కావాలి? నెలనెలా పాత చీటీ చూపించి మాత్రలు తెచ్చేదాన్ని. వాణ్ణి వెంట తీసుకొని వెళ్ళడం ఎప్పుడో మానేశాను.

2015లో గుడివాడలో మా పిన్ని కూతురి పెండ్లి. ప్రార్థన జరుగుతుంటే వాడి దవడ ఆడుతూనే ఉన్నది.

"ఏమిట్రా ఆ నమలడం? ఉమ్మేసి రా" అని మోచేత్తో పొడిచాను.

"ఏమీ లేదక్కా" అంటూ నోరు తెరిచి చూపించాడు. నిజంగానే ఏమీ లేదు. నాలుక మాత్రం తనంతట తాను మెలికలు తిరుగుతున్నది. నలుగురిలో వాణ్ణి పొడిచిన ఆ పోటు ఇప్పటికీ నన్నే పొడుస్తుంటుంది.

ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మగారు "చీటీ కాదమ్మా, మనిషిని తీసుకురండి" అన్నారు. తీసుకువెళ్ళాను. చెప్పులు విప్పించి, చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టారు. నోట్లో ఏమైనా ఉన్నదా, కట్టుడు పళ్ళున్నాయా అని అడిగారు (నేనూ అడిగాను గాని, అడిగిన తీరు వేరు!). రెండుసార్లు నోరు తెరిపించారు, రెండుసార్లు నాలుక చాపించారు. బొటనవేలితో మిగతా వేళ్ళను గబగబా తాకమన్నారు. ఆమె కళ్ళు మాత్రం వాడి మొహం మీద, కాళ్ళ మీద ఉన్నాయి. చేతులు చాచి నిలబడమన్నారు, నాలుగడుగులు నడిపించారు. పెదవులకు, దవడకు, నాలుకకు, చేతులకు, కాళ్ళకు, నడుముకు 0 నుండి 4 దాకా మార్కులు వేశారు. సూది లేదు, స్కానింగు లేదు. పది నిమిషాల్లో అయిపోయింది. దీని పేరు ఎయిమ్స్ పరీక్ష, 1976 నాటిది. ఢిల్లీలోని పెద్దాసుపత్రికి దీనితో సంబంధం లేదు.

వాడికి వచ్చినది టార్డివ్ డిస్కినీషియా. మందు వాడగా వాడగా ఆలస్యంగా బయటపడే కదలికలు. మొదట్లోనే పట్టుకుంటే తగ్గే అవకాశం ఎక్కువట, ముదిరితే నిలిచిపోవచ్చునట. వణుకు తగ్గడానికిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ దీనికి పనికిరాదు, ఎక్కువ కూడా చేయవచ్చు.

"అయితే ఈ మాత్రలన్నీ పారేస్తాను" అన్నాను కోపంగా.

"ఆ పని చేయకండి. ఉన్నట్టుండి ఆపితే కదలికలు పెరగవచ్చు, పాత జబ్బూ తిరగబెట్టవచ్చు" అన్నారు. కొన్ని నెలలపాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వేరే మందుకు మార్చారు.

దవడ మార్కు 3 నుండి 1కి దిగింది. పూర్తిగా ఆగలేదు. ఆరు నెలలకొకసారి ఇద్దరమూ కలిసి బస్సెక్కుతున్నాము. కిటికీ పక్క సీటు వాడిదే.