21 రోజుల తల్లి

గదిలో లైటు ఆర్పేశారు. తలుపు సందులో గోనెసంచి కుక్కారు. మనవడు అట్టముక్కకి రూపాయి బిళ్లంత చిల్లు పెట్టి, వెనకనుంచి టార్చి వేశాడు. చిల్లుకి ముందు కోడిగుడ్డు. పెంకు లోపల ఎర్రటి దారాల్లాంటి నరాలు... వాటి మధ్య చిన్న నల్లచుక్క. అది కదిలింది!

పక్కనే పీట మీద కూర్చున్న నాయనమ్మ మాత్రం అటు చూడలేదు. 'గుడ్డు లోపలకి తొంగి చూడకూడదురా గుంటడా' అంది.

2018 అక్టోబరు 1 రాత్రి సంగతిది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఓ పల్లె. ఆ ఇంట్లో పొదగేసి అప్పటికి ఏడు రోజులు. అయితే పొదుగుతోంది కోడి కాదు, పెట్టె. చేపల్ని ఐసులో వేసి పంపే థర్మోకోల్ పెట్టె!

ఆ ఇంటి కోళ్లకి ఓ చరిత్ర ఉంది. నాయనమ్మ కాపురానికి వచ్చినప్పుడు విజయనగరం వైపు ఉన్న పుట్టింటి నుంచి గంపలో తెచ్చుకున్న పెట్ట సంతతి అది. పిల్లల చదువులకీ, పండగలకీ, ఆసుపత్రి ఖర్చులకీ ఆదుకున్న సంతతి. ఆ ఏడాది వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది. ఆకుపచ్చటి రెట్టలు, మెడలు వంకర్లు తిరగడం... నాలుగు రోజుల్లో గూడు ఖాళీ అయింది. మిగిలినవి రెండు పెట్టలు, ఒక పుంజు.

మనవడు లెక్క వేశాడు. నాటుపెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. 21 రోజులు పొదుగు. ఆ తర్వాత రెండు మూడు నెలలు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. అన్నాళ్లూ గుడ్డు పెట్టదు. అందుకే ఏడాదికి మూడు నాలుగు విడతలకి మించదు. అదే పొదిగే పని యంత్రానికి అప్పగిస్తే పెట్ట త్వరగా మళ్లీ గుడ్లకి వస్తుంది. పట్నాల చుట్టూ ఉన్న ఫారాల్లో జరిగేది అదే. అక్కడి లేయరు కోళ్లలో పొదుగుకి కూర్చునే గుణాన్నే తరతరాల ఎంపికతో దాదాపు పోగొట్టేశారు. యంత్రం లేకపోతే వాటికి సంతానమే లేదు.

'బల్బు తల్లయిపోద్దేట్రా?' అని నవ్వింది నాయనమ్మ. అయినా గుడ్లిచ్చింది. మొత్తం పదమూడు. వారం రోజులకి మించి నిల్వ ఉన్న గుడ్డు ఒక్కటీ లేదు.

పెట్టెలో రెండు బల్బులు, పాత కంప్యూటరు నుంచి పీకిన చిన్న ఫ్యాను, వేడి హద్దు దాటితే బల్బుల్ని ఆర్పే థర్మోస్టాటు, మూలన గిన్నెలో నీళ్లు. వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలవాలి. ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే పిల్ల ఆలస్యమవుతుంది. అదే పెరిగి అలాగే ఉండిపోతే లోపలే చచ్చిపోతుంది. తేమ మొదటి 18 రోజులూ 50 శాతం పైచిలుకు, చివరి మూడు రోజులూ 65 దాటాలి. లేకపోతే లోపలి పొర ఎండి పిల్లకి అతుక్కుంటుంది.

ఇక తిప్పడం. ప్రతి గుడ్డుకీ పెన్సిల్‌తో ఓ పక్క సున్నా, ఇంకో పక్క అడ్డగీత. రోజుకి ఐదుసార్లు తిప్పాలి. అర్ధరాత్రి ఒకసారి, తెల్లారుజామున ఒకసారి. తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకి అంటుకుపోతుంది. పెట్ట ఈ పనిని ముక్కుతో రోజంతా చేస్తూనే ఉంటుంది. అలారం లేకుండా!

మూడో రాత్రికే మనవడి కళ్లు ఎర్రబడ్డాయి. 'కోడి నిద్రపోదనుకున్నావేటి? నిద్దట్లోనే తిప్పుద్ది' అంది నాయనమ్మ. ఏడో రోజు టార్చి పరీక్షలో రెండు వట్టి గుడ్లని తేలింది. పద్నాలుగో రోజు ఇంకోదానిలో కదలిక లేదు. మిగిలినవి పది.

నవరాత్రులు మొదలైన మరునాడు, అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. 2014లో హుద్‌హుద్‌ని చూసిన జిల్లాయే. కానీ ఈసారి కన్ను ఉద్దానం మీదే పడింది. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఏళ్ల తరబడి పెంచిన జీడితోటలు వేళ్లతో సహా పైకి లేచాయి. ఒక చెట్టు పెరట్లో కోళ్లగూడు మీద పడింది. ఒక పెట్ట పోయింది. పుంజూ పోయింది.

పుంజు లేదంటే ఇక ముందు ఆ సంతతిలో పిల్లలయ్యే గుడ్లు దొరకడం కష్టమే. ఉన్నవల్లా పెట్టెలో ఉన్న పదీ!

కరెంటు స్తంభాలు పొలాల్లో పడి ఉన్నాయి. బల్బులు ఆరిపోయాయి. ఫ్యాను ఆగింది. థర్మోస్టాటు మీద అంకెలు కూడా పోయాయి. ఆ రోజు పదిహేడోది.

అప్పుడు కదిలింది నాయనమ్మ. తడిసిన కట్టెల్లో పొడివి ఏరి పొయ్యి రాజేసింది. వేన్నీళ్లు కాచి సీసాల్లో పోసి, గుడ్డలు చుట్టి, పెట్టెలో నాలుగు మూలలా పెట్టమంది. పైన దుప్పట్లు, ఆపైన బొంత. అరచేయంత సందు గాలికి వదిలింది. గంటకోసారి ఒక గుడ్డు తీసి కంటిరెప్పకి ఆనించుకునేది. 'సల్లబడింది, నీళ్లు మార్సు' లేదా 'సాలు, ఉండనీ'... అదే థర్మామీటరు!

ఆమెకి తెలియదుగానీ, ఈజిప్టులో మట్టి కొలిమి గదుల్లో గుడ్లు పొదిగించేవాళ్లు కూడా శతాబ్దాల తరబడి ఇలాగే రెప్పకి ఆనించి వేడి చూసుకున్నారు. కరెంటు పుట్టకముందే అక్కడ ఒక్కో కొలిమిలో వేల గుడ్లు పిల్లలయ్యేవి. చేతికన్నా రెప్ప చర్మం పలచన. అబద్ధం చెప్పదు.

ఇంకో సంగతీ వాళ్లకి కలిసొచ్చింది. పదిహేను రోజులు దాటిన పిండం సొంతంగా కొంత వేడి పుట్టించుకుంటుంది. గుడ్లన్నీ దగ్గరగా ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి. తొలి వారంలోనే తుపాను వచ్చి ఉంటే ఒక్కటీ దక్కేది కాదేమో.

అలా ఐదు రోజులు. ఊళ్లో తాగునీటికే వరస కట్టాల్సిన రోజులు. కాచే నీళ్లు కోడిగుడ్లకా అని ఇంట్లో కోడలు ఒకసారి విసుక్కుంది కూడా. నాయనమ్మ మాట్లాడలేదు. బావి నీళ్లు తోడుకొచ్చి పొయ్యి మీద పెట్టింది.

21వ రోజు గడిచింది. ఏమీ లేదు. 22వ రోజు పొద్దున్న బొంత కింద నుంచి సన్నటి కీచు. ఒక గుడ్డు మీద నక్షత్రంలా పగులు. మనవడు పెంకు వలిచి సాయం చేయబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. తొందరపడి వలిస్తే రక్తనాళాలు తెగుతాయి. పిల్లే తన ముక్కు చివరి గట్టి మొనతో గుండ్రంగా కొట్టుకుంటూ రావాలి. దానికి పూట పడుతుంది. రాత్రికి ఆరు పిల్లలు బయటపడ్డాయి. నాలుగు రాలేదు.

పుట్టిన పిల్లకి సొన కడుపులోనే ఉంటుంది. రెండు రోజులు మేత లేకపోయినా ఫరవాలేదు. ఆ తర్వాత? యంత్రం పని అక్కడితో సరి. ముక్కుతో పొడవడం నేర్పేది తల్లి. గద్ద వస్తే పిలిచేది తల్లి. ఉన్న ఒక్క పెట్టా పొదుగు మీద లేదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. నాయనమ్మే గచ్చు మీద నూకలు చల్లి, వేలితో టకటకమని కొట్టింది. ఒక పిల్ల ఆ వేలినే పొడిచింది. తర్వాత నూకని పొడిచింది. మిగతా ఐదూ దాన్ని చూసి మొదలెట్టాయి.

ఏడో రోజున మనవడు పశువుల ఆసుపత్రి నుంచి కొక్కెర తెగులు టీకా తెచ్చి కళ్లలో చుక్కలు వేయించాడు. ఇదివరకు ఆ ఇంట్లో కోడికి టీకా అంటే నవ్వేవాళ్లు. ఈసారి పిల్లల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని అందించింది నాయనమ్మే.

ఆరింటిలో రెండు పుంజులు, నాలుగు పెట్టలు. మరుసటి వేసవిలో ఒక పెట్ట పొదుగుకి కూర్చుంది. ఈసారి మనవడు బ్యాటరీ కూడా బిగించి పెట్టె సిద్ధం చేశాడు. బేరం కుదిరింది. పదకొండు గుడ్లు పెట్ట కింద, మిగతావి పెట్టెలో.

ఏడో రాత్రి గదిలో లైటు ఆర్పేశారు. తలుపు సందులో గోనెసంచి కుక్కారు. టార్చి నాయనమ్మ పట్టుకుంది.