తాత కట్టిన మహలు

మాది తమిళనాడులో ధర్మపురి జిల్లా, తీర్థమలై. రాముడు బాణం వేసి తీర్థం రప్పించాడని చెప్పుకునే కొండ అది. ఆ కొండ కింద మా తాత కట్టిన పెంకుటిల్లు ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

కిందటి వేసవిలో తమ్ముడు అన్నాడు: "అన్నా, ఇంకా ఎవరుంటారు ఇందులో? పడగొట్టేద్దాం. దూలాలు, తలుపులు హోసూరులో నేను కట్టే ఇంటికి పనికొస్తాయి. నీ సంతకం ఒకటే కావాలి."

ముప్పై ఏళ్లుగా బ్యాంకులో ఇళ్లకు విలువ కట్టినవాణ్ణి. తరుగుదల తీసేస్తే మా ఇంటికి మిగిలేది సున్నా. అయినా, ఆలోచించి చెబుతానన్నాను.

ఆ నెలలోనే బ్యాంకు పని మీద మదురై వెళ్లాను. పని ముగిశాక తిరుమల నాయకుని మహలు చూశాను. తెలుగువాడైన తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 వరకు మదురై ఏలాడు. ఈ మహలు 1636 నాటిది. గుడులు చూసిన కళ్లకు ఇది వింతగా ఉంటుంది. మధ్యలో విశాలమైన ముంగిలి, చుట్టూ 248 స్తంభాలు. ఒక్కోదాన్ని కౌగిలించుకోవాలంటే ముగ్గురు మనుషులు కావాలి. పైన కమానులు, గుమ్మటాలు, సున్నంతో మలచిన యాళులు, లతలు. గవ్వల సున్నంలో కోడిగుడ్డు సొన కలిపి మెరుగు తెచ్చారట.

ద్రావిడం, ముస్లిం పద్ధతి, ఐరోపా పద్ధతి ఇందులో కలిశాయి. ఇటలీ శిల్పి చెయ్యి ఉందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. చూసేవాడు తలెత్తి నోరు తెరవాలనే బరోక్ పద్ధతి ఆ కాలంలోనే ఐరోపాను ఏలుతోంది. రోమ్‌లో సెయింట్ పీటర్స్ ముందున్న ప్రసిద్ధమైన స్తంభాల వరుసలను బెర్నీనీ 1656లో మొదలుపెట్టాడు. అప్పటికి మన మదురై స్తంభాల వయసు ఇరవై ఏళ్లు!

అయితే నన్ను నిలబెట్టేసింది ఆ తర్వాతి కథ. తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథుడు రాజధానిని తిరుచ్చికి మార్చాడు. అక్కడ తన మహలు కోసం తాత మహలును ఊడదీయించి, సామాను తరలించాడు. ఈనాడు మిగిలింది అసలు కట్టడంలో నాలుగో వంతేనంటారు. చివరికి దాన్ని బాగుచేయించింది పరాయివాడు. 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ నేపియర్.

ఒక స్తంభం పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాను. మనుమడికి తాత మీద కోపమేమీ ఉండి ఉండదు. మా తమ్ముడిలాగే, సామాను వృథా ఎందుకనుకుని ఉంటాడు.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. "దూలాల ఖరీదు నేనిస్తాను. వాటిని ఉన్నచోటే ఉండనీ" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "సరే అన్నా, మరి దీపం పెట్టేదెవరు?"

న్యాయమైన ప్రశ్న. రెండేళ్లలో రిటైరవుతాను. నేనే పెడతానన్నాను. మా ఆవిడకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

మీరు మదురై వెళ్తే, మీనాక్షమ్మ దర్శనమయ్యాక ఈ మహలుకూ వెళ్లండి. పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. కట్టిన తాత కథతో పాటు, ఊడదీసిన మనుమడి కథ కూడా చెప్పండి.