రత్నగిరి మెట్లు

గోదావరీ మండలములలో అన్నవరము చూడని ఇల్లాలు అరుదు. పెండ్లి కాగానే కొందఱు, గృహప్రవేశమునకు ముందు కొందఱు, బిడ్డ కలిగినపుడు కొందఱు పోవుదురు. మేము గడచిన మాఘమాసమున మావారి కుడికాలు మాకు దక్కినందులకు పోయితిమి.

మాది గోదావరికి పడమటి గట్టున నున్న కొవ్వూరు. మావారు బడిపంతులు. వారికి మధుమేహము కలదని నాలుగేండ్ల క్రిందటనే తెలిసినను, కాఫీలో చక్కెర మానినచో చాలునని మేమిద్దరమును అనుకొంటిమి. శ్రావణమున బడి వాకిట నొక మేకు చెప్పును దూసికొని వారి అరికాలిలో దిగినది. నొప్పి లేదనిరి. నొప్పి లేకుండుటయే కీడని మాకప్పుడు తెలియదు. నెత్తుటిలో చక్కెర బహుకాలము హెచ్చుగా నున్నచో పాదముల నరములు మొద్దుబారును. ముల్లు దిగినను, నిప్పు సోకినను తెలియదు. మూడవనాటికి పాదము వాచి, చీలమండ దాటి ఎఱ్ఱబాఱి, చలిజ్వరము వచ్చినది. ఆ సాయంకాలమే ఏఱు దాటించి రాజమహేంద్రవరమున ఆసుపత్రిలో చేర్చితిమి.

వైద్యుడు ఎఱుపు ప్రాకినంతమేర చుట్టును కలముతో నొక గీత గీచెను. "అమ్మా! రేపటికి ఎఱుపు ఈ గీత దాటకున్న మేలు. దాటి పైకి పోయినచో కాలు తీయవలసి వచ్చునేమో" అనెను.

సావిత్రి యముని వెంట నడచిన కథను చిన్ననాటినుండి ఎన్నిమారులో చదివితిని. ఆమె ఎంత దూరము నడచినదో ఆ రాత్రి తెలిసికొంటిని. గంటకొకమారు దుప్పటి తొలగించి గీతను చూచుచు, "స్వామీ సత్యనారాయణా! ఈ కాలు నిలుపుము. ఈ కాలితోనే నీ మెట్లన్నియు ఎక్కించి, దంపతులము వ్రతము చేసికొందుము" అని మ్రొక్కుకొంటిని. తెల్లవాఱుసరికి ఎఱుపు ఒకచోట గీతను అంటినది గాని దాటలేదు.

పిదప రెండుమారులు శస్త్రము చేసి చీమును, చచ్చిన కండను తీసివేసిరి. చిటికెనవ్రేలు పోయినది, కాలు నిలిచినది. పందొమ్మిది దినములు ఆసుపత్రిలోనే యుంటిమి. మంచము ప్రక్క వ్రేలాడు మందుసీసాను చూచునపుడెల్ల ఆ రాజమహేంద్రవరముననే చదువుకొన్న భీమవరపు బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞప్తికి వచ్చెడివారు. అమెరికాలో వారు పరిశోధనలకు పెద్దగా నున్న లెడర్లీ సంస్థనుండియే 1948లో ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవులను చంపు మందు వెలువడినది. మందు పనిచేసినదా, మ్రొక్కు పనిచేసినదా యని నన్నడిగిన వారున్నారు. మందు కనిపెట్టు బుద్ధినిచ్చినదియు స్వామియే యని నమ్మిన నాకు ఆ రెంటికిని తగవు కనబడలేదు.

ఇంటికి వచ్చిన పిదప మూడు నెలలు పుండు కడిగి కట్టు కట్టుట నా పని. ప్రొద్దుటనే చేతులు సబ్బుతో తోముకొని, వైద్యుడిచ్చిన ఉప్పునీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ వేయుదును. చుట్టములలో నొక పెద్దామె ఏదో ఆకుపసరు పిండుమనినది. ఆమె మనసు నొవ్వకుండ ఆ ఆకును తులసికోట కడ నుంచి, పుండున మాత్రము పెట్టనీయలేదు.

పుండు మానినది. సంతోషించునంతలో వైద్యుడు మఱియొక మాట చెప్పెను: "వీరు ఇక నెన్నడును వట్టికాళ్లతో నడువరాదు. ఎగుడుదిగుడు మెట్లు ఎక్కరాదు."

నా గుండె జల్లుమన్నది. రత్నగిరికి మెట్లు సుమారు 460. అవి చెప్పులతో ఎక్కుటకు నా మనసొప్పదు. మ్రొక్కు వాయిదా వేసిన సాధువైశ్యునికి వ్రతకథలో ఏమి జరిగినదో మీకందఱకును తెలియును. రెండు దినములు అన్నము సహింపలేదు. అత్తగారు సంగతి గ్రహించి కుమారునితో చెప్పిరి. మావారు నవ్వి, "మ్రొక్కినది నీవు, ఎక్కవలసినది నా కాలా?" అనిరి. పిమ్మట నవ్వు మాని, "ఆ స్వామి పేరే సత్యము. ఈ కాలికి శక్తి లేదనుట సత్యము. లేని శక్తి ఉన్నదని ఎక్కి, మరల పుండు చేసికొని వచ్చిన ఆయన మెచ్చునా?" అనిరి. నేను మాఱుపలుకలేదు. ఆ రాత్రి సుఖముగ నిదురించితిని.

మాఘమున ఒక మధ్యాహ్నము రైలెక్కితిమి. 1974లో కట్టిన వంతెన మీద, పైన బండ్లు, క్రింద మేము. ఆసుపత్రికి పోయిన నాడు ఇదే వంతెన దాటుచు నేను ఏటివంక చూడనేలేదు. ఈమారు నిండ చూచితిని. సామర్లకోట, పిఠాపురము దాటినది మొదలు దూరమున కొండలు కానవచ్చును. అన్నవరము 2022లో ఏర్పడిన కాకినాడ జిల్లాలోనిది. కొండను చుట్టి పంపానది పాఱును. ఆ రాత్రి క్రిందనే బస చేసితిమి.

తెల్లవాఱుజామున వారిని ఘాటురోడ్డు బస్సులో ఎక్కించి, నేను తొలిపావంచ కడ పసుపుకుంకుమలుంచి మెట్లెక్కితిని. ఇరువురి పక్షమున నొక్కతెనే ఎక్కుచున్నానని స్వామికి ముందే విన్నవించుకొంటిని. పైకి చేరుసరికి మావారు దళసరి నూలు మేజోళ్లు తొడిగికొని నా కొఱకు వేచియుండిరి. రాతినేల ఇంకను చల్లగానే యున్నది. ఎండ కాగిన నేల అయినచో మేజోళ్లును కాపాడవు.

1891లో వెలసిన ఈ ఆలయము నాలుగుమూలల చక్రములతో రథమువలె నుండును. స్వామి, అనంతలక్ష్మీ సత్యవతీదేవి, శివుడు ఒక్కచోటనే దర్శనమిత్తురు. వ్రతమండపమున మావారు కాలు మడచి కూర్చుండలేక, స్వామికెదురుగా కాకుండ ప్రక్కకు చాచిరి. నేను సంకోచించుట చూచి పురోహితులు, "ఫరవాలేదమ్మా, స్వామికి తెలియదా?" అనిరి. సాధువైశ్యుని కథ వచ్చినపుడు మావారు నావంక చూచి చిఱునవ్వు నవ్విరి.

నేతితో కూడిన గోధుమనూక ప్రసాదము ఆకుపొట్లములలో తీసికొని, చెట్టునీడ కూర్చుండి, మొదట వారి మేజోడు విప్పి అరికాలు, వ్రేళ్ల సందులు చూచితిని. ఎఱుపు లేదు, గీఱుడు లేదు. అప్పుడే ప్రసాదము నోట పెట్టితిమి. మావారు మాత్రము ఒక్క చిటికెడే పుచ్చుకొనిరి.

సోదరీమణులారా! మీ ఇంట మధుమేహము కలవారున్నచో ప్రతిరాత్రియు దీపమునకెదురుగా వారి పాదములు చూడుడు. నొప్పి లేదన్న మాట నమ్మకుడు. ఎఱుపో, వాపో, చిన్న పుండో కనబడినచో ఆ దినమే వైద్యుని కడకు పొండు. మ్రొక్కు దారిలో మ్రొక్కుకొనవచ్చును.