దర్వాజాలో హర్ఫ్

సర్టిఫికెట్ లేని పాత సిక్కా ఆన్‌లైన్‌లో కనిపిస్తే కొనొచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అన్ని సిక్కాల సంగతీ ఒక్కసారి చెప్పడం కుదరదు. మన ఇళ్లల్లో ఎక్కువ ఆశపడేది నిజాం కాలపు చాందీ చార్మినార్ రూపాయికి. దాని గురించి చెప్తాను.

వర్ధన్నపేటలో మాకు బాగా తెలిసిన ఖాలా ఒకామె బిడ్డ నిఖా పెట్టుకుంది. ఇమామ్ జామిన్‌లో మామూలు రూపాయి బిళ్ల కాకుండా చార్మినార్ రూపాయి కట్టాలని ఆమె అర్మాన్. ఫోన్‌లో ఒకటి దొరికింది. ధర తొమ్మిది వేలు. "92 నంబరున్న నాయాబ్ సిక్కా" అని రాశారు. చిట్టీ ఎత్తిన పైసలవి. పంపేముందు ఫోన్ నా చేతికిచ్చి "జర చూడు బేటా" అంది.

92లో నాయాబ్ ఏమీ లేదు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. కలిపితే 92. ముహమ్మద్ (స) నామ్-ఎ-ముబారక్ అది. చార్మినార్ రూపాయిలన్నిటి మీదా ఉండేదే. మన అఖీదత్‌కే ధర కట్టి మనకే అమ్ముతున్నారు.

తర్వాత దర్వాజా చూశాను. చార్మినార్ నడిమి కమాన్‌లో ఒక హర్ఫ్ ఉంటుంది. మీర్ మహబూబ్ అలీఖాన్ సిక్కా అయితే మీమ్. మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ది అయితే ఐన్. మహబూబ్ అలీ పాషా ఇంతఖాల్ అయింది 1911 ఆగస్టు 29న, హిజ్రీ 1329 రంజాన్‌లో. ఖాలా ఫోన్‌లోని సిక్కా కమాన్‌లో మీమ్ ఉంది, సన్ మాత్రం 1340! బాద్‌షా పోయిన పదకొండేళ్లకు ఆయన హర్ఫ్‌తో ఏ టంకశాల రూపాయి కొడుతుంది?

ఉస్మాన్ పాషా రూపాయికి ఇంకో పరీక్ష ఉంది. హిజ్రీ సన్‌తో పాటు జులూస్ సన్, అంటే తఖ్త్ ఎక్కి ఎన్నో ఏడో, అదీ ఉంటుంది. హిజ్రీలోంచి జులూస్ తీసేస్తే 1328 గానీ 1329 గానీ రావాలి. రాకపోతే వదిలేయండి.

సర్టిఫికెట్ లేదన్నంత మాత్రాన సిక్కా నఖలీ అయిపోదు. మామూలు చార్మినార్ రూపాయిని ఎన్‌జీసీ, పీసీజీఎస్ వాళ్లతో పరీక్ష చేయిస్తే ఆ ఖర్చే సిక్కా ధరను దాటొచ్చు. అందుకే చాలామంది చేయించరు. మనం అడగాల్సింది తూకం, రెండు వైపులా, అంచూ కనిపించే ఫొటోలు. ఉస్మాన్ పాషా తొలి ఏళ్ల రూపాయి 11.178 గ్రాములు, అందులో చాందీ వెయ్యికి 818 పాళ్లు. అరిగిన సిక్కా కాస్త తక్కువ తూగొచ్చు, ఎక్కువ తూగితే అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకోకూడదు. అయితే అంటుకోని నఖలీలూ ఉంటాయి కాబట్టి ఆ ఒక్కటే చూసి నమ్మొద్దు.

ధర సంగతికొస్తే, అందులో అసలు చాందీ దగ్గర దగ్గర 9.14 గ్రాములు. దాన్ని ఆనాటి చాందీ రేటుతో హెచ్చవేయండి. సిక్కా అసలుదైతే ఆ పైసలు ఎక్కడికీ పోవు. ఆపైన ఇచ్చేదంతా అమ్మేవాడి మాట మీద భరోసాతో ఇచ్చేదే. సిక్కా చేతిలోకి రాకముందు ఆ భరోసాకు ఎంత కట్టొచ్చో మీరే ఆలోచించండి.

మన హనఫీ ఫిఖ్‌లో ఖియార్-ఎ-రూయత్ అని ఉంది. చూడకుండా కొన్న సరుకును, చూశాక వద్దనే హక్కు. ఖాలా చూసిన ప్రకటన కింద "వాపసు లేదు" అని ఉంది. చూసే హక్కునే తీసేసేవాడితో సౌదా ఎందుకు?

ఖాలా పైసలు పంపలేదు. కానీ ఆమె అడిగిన మాట నన్ను వదలడం లేదు. "నువ్వు ఉర్దూ మీడియంల చదివినవ్, ఎరుకైంది. మా పిల్లలకు అలిఫ్ కూడా రాదు. వాళ్లెట్ల చూసుకుంటరు?"

ఆ రూపాయి తన సర్టిఫికెట్ తన మీదే రాసుకుని వచ్చింది. ఏ బాద్‌షాదో, ఏ సన్‌దో అన్నీ అందులోనే ఉన్నాయి. మన తాతలు దుకాణంలో చిల్లర తీసుకుంటూ చదివిన రాత అది. ఇవాళ వాళ్ల మనవలకు అది నక్కాషీలా కనిపిస్తోంది. మోసం చేసేవాళ్లకు దొరికిన సందు ఇదే.

ఖాలా చిన్న కొడుక్కి ముందు మీమ్, ఐన్, సున్నా నుంచి తొమ్మిది దాకా ఉర్దూ అంకెలు రాసిచ్చాను. ఒక్క సాయంత్రం సరిపోయింది. మీ ఇంట్లో పిల్లలుంటే మీరూ రాసివ్వండి.