వేసవి పరుగు

రోహిణీకార్తెలో రోళ్లు పగులునందురు. అట్టి దినములలో విజయవాడ గుమాస్తా యొకడు ఉల్లాసమునకై దూరపు పరుగు నభ్యసింపసాగెను. తెల్లవాఱక మునుపే బందరు కాలువగట్టు చేరుచుండెను. తొలుత మూడు కిలోమీటర్లకే గుండె దడదడలాడెను. రెండు వారములు మెల్లగా పరుగెత్తగా దేహము వేడి కలవాటుపడెను. చెమట త్వరగా పట్టసాగెను, అందలి యుప్పు తగ్గెను. అయినను చెమట కాఱిన చాలదు. అది ఆఱినప్పుడే యొడలు చల్లబడును. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్సున మండుటెండలో మారథాన్ పరుగెత్తిన పోర్చుగల్ వడ్రంగి ఫ్రాన్సిస్కో లజారో ఒంటికి క్రొవ్వు పూసికొనెనని చెప్పుదురు. పాపము, చెమటకు దారి యెక్కడిది? అతడు త్రోవలో కూలి మఱునాడు మరణించెను. ఈ కథ గుమాస్తాకు తెలియును. ఒకనాడు గాలి కదలక మిక్కిలి యుక్కపోసెను. సగము త్రోవలో తల తిరుగుటయు అతడు వెనుదిరిగెను. తోటివారు నవ్విరి. అతడు మెల్లగా నిల్లు చేరి, ఉప్పు కలిపిన మజ్జిగ త్రాగెను.