దీర్ఘం తీసిన మాట

మాటకు దీర్ఘం తీయడం మన సముద్రపు ఊళ్ళలో ఎవరూ నేర్పనక్కరలేదు. మైపాడు ఒడ్డున నిలబడి, అలల అవతల పడవలో ఉన్న మనిషిని పిలవాలంటే పేరు చివర సాగదీయవలసిందే. లేకపోతే ఆ పేరు హోరులో కలిసిపోతుంది. మన వ్యాకరణం దీనికి లెక్క కూడా చెప్పింది. ఒక మాత్ర కాలం పలికితే హ్రస్వం, రెండు మాత్రలైతే దీర్ఘం, మూడు మాత్రలైతే ప్లుతం. దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు వచ్చేది ఈ ప్లుతమే. అయితే పక్కన కూర్చున్న మనిషితో అలా సాగదీస్తే అర్థం మారుతుంది. అది గారాబమైనా కావచ్చు, వెటకారమైనా కావచ్చు, సరసమైనా కావచ్చు. "ఏందే ఆ దీర్ఘాలు?" అని మన పెద్దలు గద్దించేది అందుకే గదా!

ఇప్పుడా దీర్ఘాలు సెల్‌ఫోనులోకి వచ్చాయి. ప్రపంచంలో మొదటి ఫోను సందేశం 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో వెళ్ళింది. అందులో ఉన్నది "మెర్రీ క్రిస్మస్" అనే రెండు మాటలే. ఆ పద్ధతిలో ఒక సందేశానికి ఇంగ్లీషులో 160 అక్షరాలు, తెలుగు లిపిలో 70 మాత్రమే పట్టేవి. కాబట్టి అందరూ మాటలను కుదించి రాసేవారు. 2016 తర్వాత మన దేశంలో ఇంటర్నెట్ చవకయింది. వాట్సాప్‌లో అక్షరాలు లెక్కపెట్టుకోవలసిన పని లేకపోయింది. కుదించిన చేతులే సాగదీయడం మొదలుపెట్టాయి. రాతలో గొంతు వినబడదు, ముఖం కనబడదు. ఆ లోటు తీర్చుకోవడానికే పిలకాయలు "సరేఏఏ" అనీ, "అవునాఆఆ" అనీ కొడుతున్నారు.

మా వీధిలోని ఒక సహోదరి కిందటేడు తన కూతురి ఫోను పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం గనుక భర్త ఇంటి పట్టునే ఉన్నాడట. కూతురు నెల్లూరులో డిగ్రీ చదువుతున్నది. ఫోను మోగితే తండ్రి చూశాడు. తోటి విద్యార్థి ఒకడు పరీక్షలకు నోట్సు పంపితే ఆ పిల్ల "థాంక్యూఊఊఊ" అని జవాబిచ్చింది. "మగపిల్లోడికి ఇన్ని దీర్ఘాలేంది టీచరమ్మా? చదువు మానిపిస్తానంటన్నాడు ఆయన" అని ఆమె కంట నీరు పెట్టుకున్నది.

నేను అమ్మాయిని పిలిపించి, ఇష్టమైతేనే చూపించమన్నాను. తనే ఒక్కొక్కటి తీసి చూపించింది. పిన్నికి "వస్తున్నాఆఆ", స్నేహితురాలికి "ఆకలీఈఈ", తమ్ముడికి "పోరాఆఆ". నోట్సు పంపిన పిల్లవాడికి రాసినదీ అదే ధోరణి. అది ఆ పిల్ల మాటతీరు, అంతే.

తర్వాత కాసేపు తల వంచుకొని, అడగకుండానే ఇంకొకటి తీసింది. రోజూ బస్సులో వచ్చే ఒక ఉద్యోగస్థుడు, వయసులో పెద్దవాడు. బస్సువాళ్ళ గ్రూపులో అతను రాసేవి "లేటు", "సరే" వంటి పొడి మాటలు. ఈ పిల్లకు మాత్రం రాత్రి పది దాటాక "నిద్ర వచ్చిందాఆఆ", "కోపమాఆఆ". పిల్ల జవాబులు "లేదు", "సరే" అని తెగ్గొట్టినట్టున్నాయి. ఆ పొట్టి జవాబే ఆమె కాదనడం. అది తెలిసీ అతను ఆపలేదు. "ఇంట్లో చెబితే కాలేజీ మానిపిస్తారని భయం టీచర్" అన్నది. తండ్రి కంటపడిన దీర్ఘం నిర్దోషమైనది. భయపెట్టిన దీర్ఘం అతనికి కనబడనే లేదు.

ఆ రాత్రే తల్లి ఎదుట ఆ నంబరును బ్లాకు చేసింది. తండ్రి అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. మరునాటి నుండి కొన్నాళ్ళు తనే బస్సు ఎక్కించి వచ్చాడు. చదువు ఆగలేదు.

ఇలా సాగదీసిన మాటలను అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 2011లో లెక్కకట్టారు. ట్విట్టర్‌లోని ప్రతి ఆరు సందేశాలలో సుమారు ఒకదానిలో అటువంటి మాట ఉన్నదని, అది ఎక్కువగా మనసులోని భావాన్ని తెలిపే మాటేనని వారు చూపించారు. భావం అంటే ప్రేమ ఒక్కటే కాదు. సంతోషం, విసుగు, ఆశ్చర్యం, బతిమాలడం కూడా భావాలే.

కాబట్టి ప్రియ చదువరులారా, అక్షరాలు లెక్కపెట్టి తీర్పు తీర్చవద్దు. మూడు సంగతులు చూడండి. అందరికీ అలాగే రాస్తున్నారా, ఒక్కరికేనా? ఏ వేళప్పుడు రాస్తున్నారు? అవతలివారు అదే ధోరణిలో బదులిస్తున్నారా, పొడిగా తప్పించుకుంటున్నారా? ఒక్కరికే, రాత్రివేళ, ఇద్దరి వైపు నుండీ దీర్ఘాలు సాగుతుంటే అక్కడ చనువు మొలకెత్తిందని అనుకోవచ్చు. ఒకవైపే సాగుతుంటే అది వేధింపుకు మొదలు కావచ్చు. సరసానికి ఈ దీర్ఘం అనువైనది ఎందుకంటే, "ఊరికే రాశాను" అని రేపు తప్పించుకోవచ్చు. మాటలో ఏమీ లేదు, ఉన్నదంతా సాగదీతలోనే.

యౌవనస్థులారా, మీరు కూడా ఎదుటివారి జవాబు పొట్టిదైనప్పుడు దానిని జవాబుగానే తీసుకోండి. తల్లిదండ్రులారా, ఫోను లాక్కోకముందు పక్కన కూర్చొని, "ఇది ఎవరమ్మా?" అని మెల్లగా అడగండి. మీ గొంతులో కోపం లేదని తెలిస్తే, మీరు అడగనిది కూడా బిడ్డలే తెచ్చి చూపిస్తారు.